కాయకల్ప (ప్రభుత్వాసుపత్రుల శుభ్రత అవార్డు) తనిఖీకి 3 వారాలే ఉంది, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నా నెత్తిన పడింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

తెల్లగౌను | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక ఏరియా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పేరుకి 100 పడకలు, ఏ రోజూ 130 మందికి తగ్గరు, మిగతావాళ్ళకి కిందే పరుపులు. కిందటి వారం సూపరింటెండెంట్ గారు పిలిచి "నువ్వు బాగా చదువుతావు కదమ్మా, ఇకనుంచి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సువి నువ్వే" అన్నారు. ఆర్డరు కాగితం లేదు. మేల్ మెడికల్ వార్డు డ్యూటీ అలాగే ఉంది. పక్క జిల్లా నుంచి పీర్ టీం (తనిఖీకి వచ్చే వేరే ఆసుపత్రి వాళ్ళు) రావడానికి మూడు వారాలే ఉంది.

పరిస్థితి ఇదీ. వార్డుకి ఒకటే సింకు. నీళ్ళు పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంట. సబ్బు బిళ్ళ ఎప్పుడూ నీళ్ళల్లో నానుతూ ఉంటుంది. పక్కన తువ్వాలు ఒకటి, అందరిదీ అదే. హ్యాండ్ రబ్ (చేతులకి రుద్దుకునే ఆల్కహాల్ మందు) సీసాలు స్టోరు బీరువాలో ఉన్నాయి, తాళం వేసి. బయట పెడితే ఇంటికి పట్టుకుపోతారట. చేతులు కడుక్కునే పోస్టర్లు మాత్రం మరుగుదొడ్డి తలుపు మీద కూడా అంటించాం.

ఉన్న టైంలో ఏది ముందు పట్టుకోవాలో చెప్పండి.

పాత_హెడ్‌నర్సు | సోమవారం, రాత్రి 11:15

అమ్మాయ్, పోస్టర్లు చాలు. 34 ఏళ్ళ సర్వీసులో పోస్టరు చూసి చేయి కడిగినవాణ్ణి నేను చూడలేదు.

రేపు డ్యూటీకి వెళ్ళగానే ఒక్క పని చెయ్యి. డ్రెస్సింగ్ రూంలో సామాను నానబెట్టే బ్లీచింగ్ టబ్బు దగ్గర ముక్కు పెట్టి చూడు. ఘాటు తగులుతోందా? ఎవరు కలిపారు, ఎప్పుడు కలిపారు, ఎంతకి ఎంత వేశారు అని అడుగు. వచ్చిన జవాబు ఇక్కడ రాయి.

తెల్లగౌను | మంగళవారం, సాయంత్రం 4:05

అక్కా, వాసనే లేదు. "ఎప్పుడు కలిపారు" అంటే "నిన్నో మొన్నో" అన్నారు. "ఎంత" అంటే ఆయమ్మ గుప్పెడు చూపించింది. స్టోరుకి వెళ్ళి సంచి చూస్తే మూతి విప్పే ఉంది, పొడి గడ్డ కట్టింది, కిటికీ పక్కనే పెట్టారు. ఇన్నాళ్ళూ మేం కత్తెర్లూ ఫోర్సెప్సులూ నానబెట్టింది సున్నపు నీళ్ళల్లోనేమో.

మందుల_సంచి | మంగళవారం, సాయంత్రం 6:30

ఫార్మసిస్టుని, ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా.

మంచి బ్లీచింగ్ పౌడర్లో క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటుంది. తేమ తగిలినా ఎండ తగిలినా ఆ క్లోరిన్ ఎగిరిపోయి తెల్లపొడి మిగుల్తుంది. చూడ్డానికి తేడా తెలీదు, అక్కడే మోసపోతాం. తాజా పొడి అయితే లీటరు నీళ్ళకి 15 గ్రాములు వేస్తే 0.5 శాతం ద్రావణం. వాడిన పరికరాలు కడిగే ముందు 10 నిమిషాలు అందులో ముంచాలి. గంటలు గంటలు వదిలేస్తే స్టీలు తుప్పు పడుతుంది, అదో కొత్త ఖర్చు. రక్తం ఒలికిన చోటికి 1 శాతం కావాలి, అంటే లీటరుకి 30 గ్రాములు. ద్రవం హైపోక్లోరైట్ దొరికితే ఇంకా సుఖం: సీసా మీద 5 శాతం అని ఉంటే 1 పాలు దానికి 9 పాళ్ళు నీళ్ళు కలిపితే 0.5 శాతం, 4 పాళ్ళు కలిపితే 1 శాతం. సీసా మీద ఎంత శాతమో చదవకుండా లెక్క కట్టకండి, రకరకాలు వస్తాయి.

ఏ రోజుది ఆ రోజే కలపాలి. మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్టు తీసుకుని లోపల 10 లీటర్ల దగ్గర పర్మనెంట్ మార్కరుతో గీత గియ్యండి. 150 గ్రాములు ఒక్కసారి తూచి, అది ఏ డబ్బాకి నిండుగా వస్తుందో చూసి ఆ డబ్బా ఆయమ్మకి ఇచ్చెయ్యండి. ఇక గుప్పెడుతో పని లేదు.

గల్ఫ్‌సిస్టర్ | మంగళవారం, రాత్రి 9:50

నేను కువైట్‌లో ఐసీయూలో చేస్తున్నా. మాకు నెలనెలా హ్యాండ్ హైజీన్ ఆడిట్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పిన 5 సందర్భాలు చూస్తారు: రోగిని తాకేముందు, సూది లేదా డ్రెస్సింగ్ లాంటి శుభ్రమైన పనికి ముందు, రక్తం, మలమూత్రాల లాంటివి తగిలాక, రోగిని తాకాక, రోగి చుట్టుపక్కల వస్తువులు తాకాక. ముందు అందరికీ ఈ ఐదూ నేర్పించండి చెల్లీ. ఉంగరాలు, గాజులు, వాచీ డ్యూటీలో ఉండకూడదు.

నైట్‌డ్యూటీ | మంగళవారం, రాత్రి 11:58

అక్కా మీరు చెప్పింది కరెక్టే గని, మీ ఐసీయూల ఒక సిస్టర్‌కి ఒకరో ఇద్దరో పేషెంట్లు. నేను తెలంగాణల జిల్లా ఆసుపత్రి, ఇప్పుడు డ్యూటీలనే ఉన్న. నా వార్డుల 44 మంది, సిస్టర్‌ని నేనొక్కదాన్నే. రాత్రి 10 గంటల ఇంజెక్షన్ల రౌండు తీస్కోండి. ఒక్కొక్కరి దగ్గర ముందొకసారి, అయినంక ఒకసారి, 88 సార్లు. సబ్బుతోని సక్కగ కడిగితే 40 నుంచి 60 సెకన్లు. అంటే గంట నుంచి గంటన్నర చేతులు కడుగుడే. సింకు కాడికి పోయి వచ్చుడు వేరే. గప్పటికి పొద్దుటి డోసు టైమైతది.

నేర్చుకోక కాదు అక్కా, కుదరక.

గల్ఫ్‌సిస్టర్ | బుధవారం, ఉదయం 7:20

లెక్క ఒప్పుకున్నా చెల్లీ. చిన్న సవరణ. ఒకరిని తాకాక చేసినదే పక్క పడక వాళ్ళని తాకేముందు చేసినట్టు లెక్క, మధ్యలో ఇంకేదీ ముట్టుకోకపోతే. కాబట్టి 88 కాదు, 45. అది కూడా సింకు దగ్గర కాదు, ఇంజెక్షన్ ట్రాలీ మీదున్న ఆల్కహాల్ రబ్‌తో. 20 నుంచి 30 సెకన్లు చాలు, అది ఆరేలోపు మీరు పక్క పడకకి నడిచేస్తారు. మొత్తం 23 నిమిషాలు దాటదు. చేతికి రక్తమో మలమో అంటితే మాత్రం సబ్బూ నీళ్ళే, రబ్ పనికిరాదు.

అందుకే తెల్లగౌను, నీ ఆసుపత్రిలో అన్నిటికన్నా ముందు తీయాల్సింది ఆ బీరువా తాళం.

నీళ్ళ సంగతి: మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ముకి అడుగున కుళాయి బిగించి స్టూలు మీద పెట్టండి, కింద మురికినీటికి ఇంకో బకెట్టు. నాతో పనిచేసే ఘనా సిస్టర్ చెప్పింది, వాళ్ళ దేశంలో దీన్ని వెరోనికా బకెట్ అంటారట, కనిపెట్టినావిడ పేరే పెట్టారు.

తెల్లగౌను | బుధవారం, మధ్యాహ్నం 2:10

స్టోరు సార్‌ని అడిగాను. "నెలకి 30 సీసాలు వస్తాయి. బయట పెడితే పది రోజుల్లో ఖాళీ. మిగతా ఇరవై రోజులు ఏం చేస్తావ్?" అన్నారు. నిజానికి పది రోజుల్లో ఖాళీ అయితే వాడుతున్నట్టే కదా, కానీ ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

మందుల_సంచి | బుధవారం, రాత్రి 8:15

ఖాళీ అయితే తయారు చేసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలు రెండున్నాయి. ఇథనాల్‌ది మనకి ఎక్సైజ్ అనుమతుల తలనొప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ది తేలిక. 10 లీటర్లకి: 99.8 శాతం ఐసోప్రొపైల్ 7,515 ఎంఎల్, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 ఎంఎల్, 98 శాతం గ్లిసరాల్ 145 ఎంఎల్, మిగతాది డిస్టిల్డ్ వాటర్ లేదా కాచి చల్లార్చిన నీళ్ళు 10 లీటర్ల గీత దాకా. మన దగ్గర షాపుల్లో దొరికే పెరాక్సైడ్ ఎక్కువగా 6 శాతంది, సీసా మీద 20 వాల్యూములు అని ఉంటుంది. అదైతే సగమే, 208 ఎంఎల్ సరిపోతుంది. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు.

పెరాక్సైడ్ వేసేది చేతిమీద క్రిముల కోసం కాదు, సీసాల్లో, నీళ్ళల్లో ఉండే స్పోర్లని (ఆల్కహాల్‌కి చావని క్రిమి బీజాలని) చంపడానికి. అందుకే కలిపాక 72 గంటలు ఆగి వాడాలి. గ్లిసరాల్ చర్మం పగలకుండా. అది మానేస్తే వారంలో సిస్టర్ల చేతులు మంట పుట్టి రబ్ జోలికే రారు. పొయ్యి, అగరుబత్తి ఉన్న గదిలో కలపకండి, భగ్గుమంటుంది. ఒక విడతకి 50 లీటర్లు మించకూడదు. పాత సీసాలో మిగిలినదాని మీద కొత్తది పొయ్యొద్దు, కడిగి ఆరబెట్టి నింపాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధుల్లోంచి కొనడానికి సూపరింటెండెంట్ సంతకం చాలు.

ఓటీ_బత్తెమ్ | బుధవారం, రాత్రి 9:45

"మిగిలినదాని మీద పొయ్యొద్దు" అన్నారు సూడండి, దాన్ని రెండుసార్లు చెప్పాల. మా సీమలో ఒక ఆసుపత్రికి డిప్యుటేషన్ మీద పోయినా. డ్రెస్సింగ్ ట్రాలీ మీద చీటిల్ ఫోర్సెప్స్ (శుభ్రమైన సామాను పట్టి తీసే పటకారు) సావ్లాన్ జగ్గులో నిలబెట్టినారు. ఆ జగ్గు ఎప్పుడు కడిగినారో దేవుడికే తెల్సు, రోజూ పైన రొంత నీళ్ళు, రొంత సావ్లాన్ పోస్తాండారు. పల్చబడిన సావ్లాన్‌లో సూడోమోనాస్ అనే క్రిమి సుఖంగా బతుకుతాది. అంటే ఆ ఫోర్సెప్స్‌తో తీసిన ప్రతి గాజుగుడ్డకీ మనమే క్రిమి అంటిచ్చి పుండు మీద పెడతాన్నాం. జగ్గునీ ఫోర్సెప్స్‌నీ ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరితో క్రిములు సంపి), పొడిగా, ఏ మందూ పొయ్యకుండా పెట్టుకోండి, షిఫ్టుకోసారి మార్చండి.

ఆటోక్లేవ్ గురించి ఇంకో మాట. డ్రమ్ము మీద సిగ్నోలాక్ టేపు గీతలు నల్లబడినాయంటే లోపల స్టెరైల్ అయిందని కాదు, డ్రమ్ముకి వేడి తగిలిందని అంతే. డ్రమ్ము పక్కనుండే రంధ్రాలు తెరిచి పెట్టాల, బయటికి తీసినంక మూయాల. సగం చోట్ల ఇది తలకిందులుగా జరుగుతాది. గుడ్డలు కుక్కి కుక్కి పెడితే మధ్యలోకి ఆవిరి పోదు. 121 డిగ్రీలు, 15 పౌన్ల ఒత్తిడి, చుట్టిన సామానుకి 30 నిమిషాలు, ఒత్తిడి అందుకున్నాకనే గడియారం చూడాల. కరెంటు పోతే మళ్ళీ మొదట్నించి. బయటికి తీసిన మూట తడిగా ఉంటే వాడకండి.

హౌస్‌సర్జన్ | గురువారం, రాత్రి 1:30

ఓటీలో వారం వారం ఫార్మలిన్ పొగ పెట్టి, స్వాబ్ కల్చర్ పంపించి, "గ్రోత్ లేదు" అని ఫైల్లో పెడుతున్నారు. దానికి ఉపయోగం ఉందా? కళ్ళు మండి చస్తున్నాం.

ఇంకోటి, చిన్నవాణ్ణి కాబట్టి అడుగుతున్నా. రౌండ్స్‌లో మా చీఫ్ సార్ ముప్పై మంది పొట్టలు నొక్కుతారు, చేయి కడగరు. మధ్యలో గ్లవ్స్ వేస్తే అవే గ్లవ్స్‌తో కేస్ షీట్, ఫోను, పక్క పేషెంటు. నేను చెప్పగలనా?

ఓటీ_బత్తెమ్ | గురువారం, ఉదయం 7:05

ఫార్మలిన్ కేన్సర్ కారకాల లిస్టులో ఉండాది తమ్ముడూ. పొగ కింద మురికి మురికిగానే ఉంటాది. బల్ల, లైటు, నేల డిటర్జెంట్‌తో కడిగి, తర్వాత మందుతో తుడిస్తే దానికన్నా మేలు. గ్లవ్స్ సంగతి కరెక్టుగా పట్టినావు. మనోళ్ళకి గ్లవ్స్ అంటే తమ చేతికి అంటకుండా ఉండేది, పేషెంటు గురించి కాదు.

పాత_హెడ్‌నర్సు | గురువారం, ఉదయం 9:40

హౌస్‌సర్జన్ బాబూ, నువ్వు చెప్పకు, మీ సార్ వినరు. నేను చేసింది చెప్తా. మా మెడిసిన్ ప్రొఫెసర్ గారు మహా కోపిష్టి. రౌండ్స్‌లో రబ్ సీసా పట్టుకుని ఆయన పక్కనే నడిచేదాన్ని. ఒక పడక అయ్యి రెండో పడక దగ్గరికి తిరగ్గానే ఏమీ మాట్లాడకుండా సీసా ముందుకి చాపేదాన్ని. చాపిన సీసా ముందు చేయి పట్టకుండా ఉండడం మనిషికి కష్టం. నెల తిరిగేసరికి సీసా రాకపోతే ఆయనే "సిస్టర్, ఏదీ?" అనేవారు. వెనకున్న పీజీలకి వేరే పాఠం అక్కర్లేకపోయింది.

నా పాత పాపం కూడా చెప్పుకుంటా. ఉద్యోగంలో చేరిన కొత్తలో రౌండ్స్‌కి పింగాణీ బేసిన్‌లో మందు నీళ్ళు, భుజాన ఒక తువ్వాలు పట్టుకుని తిరిగేవాళ్ళం. డాక్టర్లందరూ అదే బేసిన్‌లో వేళ్ళు ముంచి అదే తువ్వాలుకి తుడుచుకునేవారు. అదే శుభ్రం అనుకున్నాం.

పేషెంటు_తాలూకు | గురువారం, రాత్రి 8:00

నేను నర్సుని కాను, చదువుతూ ఉండబట్టలేక రాస్తున్నా. మా నాన్నకి పక్షవాతం వస్తే 19 రోజులు ప్రభుత్వాసుపత్రిలో ఉన్నాం. మూత్రం సంచి ఖాళీ చేసింది నేను, పక్క మార్చింది మా అమ్మ, ముక్కుగొట్టంలో జావ పోసింది మా అమ్మ. పక్క పడక ముసలాయనకి ఎవరూ లేకపోతే ఆయన సంచి కూడా నేనే తీశాను, అదే మగ్గుతో. చేతులు కడుక్కోమని మాకెవరూ చెప్పలేదు, తప్పుబట్టడం కాదు, చెప్పే తీరిక ఎవరికీ లేదు. మీ లెక్కల్లో మేమున్నామా?

నైట్‌డ్యూటీ | శుక్రవారం, రాత్రి 12:20

అన్నా, లేరు. మా ట్రైనింగులల్ల అటెండర్ల మాటే రాదు. సగం నర్సింగ్ మీరే చేస్తున్నరు, ఒప్పుకోవాలె. సంచి తీసే మగ్గు ఒక్కొక్కరికి వేరే ఉండాలె, సంచి ఎప్పుడూ పేషెంటు నడుము కన్నా కిందికే ఉండాలె, నేలకి తగలొద్దు. రేపటి సంది అడ్మిషన్ అప్పుడే ఈ రెండు ముక్కలు, చేతుల మాట నేను చెప్పుడు షురూ చేస్త.

తెల్లగౌను | శనివారం, మధ్యాహ్నం 2:25

అర్జెంట్. మా శానిటేషన్ వర్కరు ఒకావిడకి పొద్దున 6 గంటలకి చెత్త సంచి ఎత్తుతుంటే సూది గుచ్చుకుంది. చేతికి గ్లవ్స్ ఉన్నాయి, గుచ్చుకుపోయింది. పసుపు సంచిలో మూత తొడిగిన సూది, మూత ఊడిపోయి ఉంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, రోజు కూలి కోస్తారని. వేలు పిండేసి బ్లీచింగ్ నీళ్ళల్లో ముంచుకుందట. సూది ఏ పేషెంటుదో తెలీదు. టీకా ఏదీ వేయించుకోలేదు. ఏం చేయాలి?

పాత_హెడ్‌నర్సు | శనివారం, మధ్యాహ్నం 2:31

ఇక పిండొద్దు, బ్లీచింగ్ ముంచొద్దు. సబ్బూ నీళ్ళతో కడిగించు. ఇప్పుడే క్యాజువాలిటీ డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళు. హెచ్‌ఐవి నివారణ మందు మొదటి డోసు వీలైతే 2 గంటల్లో పడాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. 8 గంటలే అయింది, ఇంకా టైముంది. టెస్టు రిపోర్టు వచ్చేదాకా మొదటి డోసు ఆపొద్దని చెప్పు. కొనసాగించాలా వద్దా అనేది తర్వాత ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవి చికిత్స కేంద్రం) వాళ్ళు చూస్తారు. వాడాలంటే 28 రోజులు పూర్తిగా.

అంతకన్నా భయం హెపటైటిస్ బి. టీకా లేనివాళ్ళకి పాజిటివ్ రక్తం సూది గుచ్చుకుంటే నూటికి 30 దాకా రావచ్చు, సి అయితే 3, హెచ్‌ఐవి 0.3. ఈరోజే బి టీకా మొదటి డోసు వేయించు, ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్) సంగతి కూడా డాక్టరు గారిని అడుగు. రక్తం ఈరోజు తీయించి రిజిస్టర్లో రాయి.

పక్కన కూర్చో. చాలా భయపడుతూ ఉంటుంది.

తెల్లగౌను | శనివారం, రాత్రి 9:10

మాత్ర పడింది, టీకా పడింది. మన నీడిల్ ప్రిక్ రిజిస్టర్లో ఆవిడ పేరు రాయబోతే "ఆవిడ కాంట్రాక్టు, మన స్టాఫ్ కాదు" అన్నారు ఆఫీసులో. కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు.

క్లిప్‌బోర్డు | శనివారం, రాత్రి 10:00

గ్లవ్స్ పల్చటివి వేసుకుని సంచి ఒంటికి ఆనించి ఎత్తితే ఇలాగే అవుతుంది. ట్రైనింగ్ ఇచ్చినా వినరు వీళ్ళు.

మందుల_సంచి | శనివారం, రాత్రి 10:12

> ట్రైనింగ్ ఇచ్చినా వినరు వీళ్ళు

ఆ సూదికి మూత తొడిగింది ఎవరు? తెల్లటి షార్ప్స్ డబ్బాలో పడాల్సిన సూదిని పసుపు సంచిలో వేసింది ఎవరు? శానిటేషన్ వాళ్ళు ఇంజెక్షన్లు చెయ్యరు. సూది వాడగానే మూత తొడక్కుండా అక్కడే హబ్ కట్టరుతో కోసేస్తే ఈ ప్రశ్నే రాదు. 2009లో గుజరాత్ మొడాసాలో వాడిన సిరంజిలే మళ్ళీ వాడి ఎంతమందికి హెపటైటిస్ బి అంటించారో మనమందరం పరీక్షలకి చదువుకున్నవాళ్ళమే.

తెల్లగౌను గారూ, ఆఫీసు వాళ్ళకి 2016 బయో మెడికల్ వ్యర్థాల నిబంధనలు చూపించండి. ఆసుపత్రి తన సిబ్బందికే కాదు, వ్యర్థాలు ముట్టుకునే "ఇతరులకీ" హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని స్పష్టంగా ఉంది. ఆ "ఇతరులు" ఎవరనుకున్నారు? ప్రమాదం జరిగితే రాసి పంపడానికి ఫారం 1 కూడా అందులోనే ఉంది.

క్లిప్‌బోర్డు | శనివారం, రాత్రి 10:40

సరే, మూత సంగతి ఒప్పుకుంటున్నా. మా దగ్గర హబ్ కట్టర్లు 12 ఉన్నాయి, పనిచేసేవి 3.

తెల్లగౌను | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

చాలామంది మెసేజ్ పెట్టారు, ఇన్నాళ్ళకి తీరిక దొరికింది.

పీర్ టీం వచ్చి వెళ్ళింది. మాకు 66 శాతం. అవార్డుకి 70 కావాలి. నీళ్ళ దగ్గరా, పాత మరుగుదొడ్ల దగ్గరా పోయింది, అవి మూడు వారాల్లో అయ్యేవి కావు. డ్రమ్ము కుళాయిలు నాలుగు పెట్టాం, ఒకటి అప్పుడే కారుతోంది. ఉమ్మడి తువ్వాలు తీసేసి పాత దుప్పట్లు చింపి చిన్న గుడ్డలు కుట్టించాం, ఒకసారి వాడితే ఉతుకుడికే. రబ్ 10 లీటర్లు మా ఫార్మసిస్టు గారే కలిపారు. సీసాలని ట్రాలీకి సెలైన్ గొట్టంతో కట్టేశాం, ఒక్కటీ పోలేదు. మా డాక్టర్లలో ఇద్దరు సీసా చాపితే చేయి పడుతున్నారు, ఒకాయన "నాకు స్కిన్ ఎలర్జీ" అంటున్నారు.

ఆవిడ మందు కోర్సు పూర్తయ్యేలా ఉంది, వాంతులతో మొదటి వారం చాలా ఇబ్బంది పడింది. మొదటి రోజు పరీక్షలన్నీ నెగెటివ్. 6 వారాలకి మళ్ళీ చేయాలి.

టీకాలకి నిబంధన కాగితం పెట్టి అడిగితే సూపరింటెండెంట్ గారు సంఘం నిధుల్లోంచి 10 డోసుల వయల్స్ రెండు కొన్నారు. శానిటేషన్ వాళ్ళు 13 మంది, ఎంఎన్‌ఓలు (మగ నర్సింగ్ ఆర్డర్లీలు) ఐదుగురు, 18 డోసులు అయ్యాయి. మిగిలిన రెండింటికి ఎవరని చూస్తుంటే మా చాకలాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో పచ్చడి సీసా ఉంది, సగానికి సూదులు. దుప్పట్లలో దొరికినవి, ఏడాదిగా దాచాడట. "పారేస్తే ఇంకెవరికైనా గుచ్చుకుంటాయని" అన్నాడు. ఎన్నిసార్లు గుచ్చుకుందో అడిగితే లెక్క లేదన్నాడు.

19వ డోసు ఆయనకి, 20వది ఆయన భార్యకి. ఇద్దరూ కలిసే ఉతుకుతారు. రెండో డోసు నెలకి, మూడోది ఆరో నెలకి, పేర్లు రిజిస్టర్లోనే రాశాను, ఈసారి ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు.

పాత_హెడ్‌నర్సు | ఆదివారం, సాయంత్రం 6:02

ఆ భార్యాభర్తలకి కూడా రక్త పరీక్ష చేయించు. పాతది ఏమైనా ఉంటే టీకాతో పోదు.

సీసా ఏం చేశావ్?

తెల్లగౌను | ఆదివారం, సాయంత్రం 6:20

పరీక్షలకి రేపు పంపిస్తున్నా అక్కా. సీసా మూత బిగించి సోమవారం నర్సుల మీటింగులో బల్ల మధ్యలో పెట్టాను. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత షార్ప్స్ డబ్బాలో వేయించాను.

నైట్‌డ్యూటీ | ఆదివారం, రాత్రి 11:45

మందుల సంచి అన్నా, 6 శాతం పెరాక్సైడ్ అయితే 208 అన్నరు కదా, 5 లీటర్లకి 104 ఏనా? రేపు మా దగ్గర కలుపుతున్నం.

మందుల_సంచి | సోమవారం, ఉదయం 6:10

అవును, 104. ఐసోప్రొపైల్ 3,757, గ్లిసరాల్ 72. సీసా మీద కలిపిన తేదీ రాయడం మర్చిపోకమ్మా.